స్పైడర్‌మ్యాన్ 3: సీమ కళ్ళతో చూస్తే కనిపించే పగ కథ

క్లుప్తంగా: 2007 నాటి 'స్పైడర్‌మ్యాన్ 3'ను ముగ్గురు విలన్లను కుక్కిన కలగూరగంప అని తీసిపారేయడం మామూలైపోయింది. కానీ ఆ ముగ్గురినీ, హీరోనూ కలిపి కట్టిన దారం ఒకటి ఉంది. అది పగ. ఇసుక మనిషి కథ, బెన్ అంకుల్ హత్యను తిరగరాయడం, జనం నవ్విన ఆ డ్యాన్సు, మూడూ ఆ దారానికి గుచ్చినవే. దారం తెగింది ముగ్గురిలో ఒకడైన వెనమ్ దగ్గర. అదెందుకు తెగిందో కూడా ఇందులో చూడవచ్చు.

పాత పంచాయితీ

స్పైడర్‌మ్యాన్ పేరుతో కొత్త సినిమా వస్తోందంటే చాలు, ఒక పాత పంచాయితీ మళ్ళీ లేస్తుంది. శామ్ రైమీ తీసిన మూడింటిలో 2002 నాటి మొదటిది, 2004 నాటి రెండోది బాగున్నాయని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా మూడోదానితోనే. కర్నూలు, కడప, అనంతపురంలో బడికెళ్ళే వయసులో దాన్ని తెలుగు డబ్బింగ్‌లో చూసిన తరం ఇప్పుడు ముప్పయ్యో పడిలో ఉంది. అప్పట్లో నచ్చిందని చెప్పుకోవడానికి ఆ తరం ఇప్పుడు కాస్త మొహమాటపడుతుంది. అంత మొహమాటం అక్కర్లేదు.

ముందు లెక్కలు. 2007 మే 4న సినిమా అమెరికాతో పాటు ఇక్కడా విడుదలైంది. మన దేశంలో ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగుతో పాటు భోజ్‌పురిలోనూ వచ్చింది. ఖర్చు సుమారు 25.8 కోట్ల డాలర్లు, ప్రపంచమంతటా వసూళ్ళు 89 కోట్ల డాలర్ల పైచిలుకు. రైమీ తీసిన మూడింటిలో ఇదే ఎక్కువ. అలాంటప్పుడు ఫెయిల్ అన్న ముద్ర ఎలా పడింది? జవాబు అమెరికా వసూళ్ళలో ఉంది. అక్కడ తొలి మూడు రోజుల్లో 15.1 కోట్ల డాలర్లు వచ్చాయి, అప్పటికి అది రికార్డు. అయితే మొత్తం రన్‌లో వచ్చింది సుమారు 33.6 కోట్లే. అంటే నూటికి 45 వంతులు మొదటి మూడు రోజుల్లోనే. మొదటి భాగానికి ఇదే లెక్క కడితే 28 వంతులే. ఇంత తేడా వచ్చిందంటే జనం గుంపుగా వచ్చి చూశారు గానీ బయటికి వెళ్ళి పక్కవాడిని పంపలేదని అర్థం. సినిమా వ్యాపారంలో 'టాక్' అనేది సరిగ్గా ఇదే. బయటి దేశాల వసూళ్ళు పెరిగి ఆ లోటును కప్పేశాయి.

కాబట్టి గొడవ డబ్బు గురించి కాదు. రెండు గంటల 19 నిమిషాల్లో చెప్పిన కథ ఒక కథేనా, మూడు కథల ముక్కలా అన్నదే ప్రశ్న.

ఒక ఒరలో మూడు కత్తులు

పీటర్ స్నేహితుడు హ్యారీ ఆస్బోర్న్‌కు, పీటరే కారణమనుకున్న తండ్రి చావు పగ. పత్రికా ఫొటోగ్రాఫర్ ఎడ్డీ బ్రాక్‌కు ఉద్యోగం పోయిన పగ. స్పైడర్‌మ్యాన్ అయిన పీటర్ పార్కర్‌కు తనను పెంచిన బెన్ అంకుల్ హత్య తాలూకు పగ. ఇసుక మనిషి ఫ్లింట్ మార్కో ఒక్కడికే పగ లేదు. అతనికి ఉన్నది జబ్బుపడిన కూతురు, వైద్యానికి కావాల్సిన డబ్బు. నలుగురిని ఇలా వరసలో నిలబెడితే కథ ఆకారం కనిపిస్తుంది: పగ ఉన్న ముగ్గురు, ఆ పగకు గురి కావాల్సిన ఒకడు. విలన్లని పోస్టర్ మీద వేసిన ముగ్గురిలో ఒకడు నిజానికి హీరో పక్షాన ఉండాల్సిన బాధితుడు. హీరో మాత్రం సగం సినిమా విలన్ల వరసలో ఉంటాడు.

ఈ అల్లిక ఎక్కడ బిగిసిందో చూడాలంటే ఒక చిన్న ముడి చాలు. ఎడ్డీ దొంగ ఫొటో తయారుచేసి పత్రికలో వేయిస్తాడు. పీటర్ దాన్ని అందరి ముందూ బయటపెడతాడు. ఎడ్డీ బతిమాలుకుంటాడు. క్షమాపణ కావాలంటే దేవుడి దగ్గరికి పో అన్న అర్థం వచ్చే మాట పీటర్ విసిరేసి వెళ్ళిపోతాడు. ఎడ్డీ నిజంగానే చర్చికి వెళతాడు. వెళ్ళి, పీటర్‌ను చంపమని దేవుణ్ణి వేడుకుంటాడు. సరిగ్గా ఆ సమయానికి పైన గంట గోపురంలో పీటర్ తనకు అంటుకున్న నల్ల సూటును, అంటే సూటులా కప్పుకునే గ్రహాంతర జీవిని, ఒంటి మీంచి పీక్కుంటున్నాడు. ఆ నల్లటి ముద్ద కిందనున్న ఎడ్డీ మీద పడుతుంది, ఎడ్డీ వెనమ్ అవుతాడు. పీటర్ ఇవ్వనన్న క్షమాపణ, పీటర్ వదిలించుకున్న పగ, రెండూ ఒకే చోట ఒకే మనిషికి చేరతాయి. స్క్రీన్‌ప్లే అతుకుల బొంత అనేవాళ్ళు ఈ అతుకును ఎందుకు చూడరో అర్థం కాదు.

నల్ల సూటు గురించి సినిమాలోనే పీటర్ ప్రొఫెసర్ డాక్టర్ కానర్స్ సూత్రం చెప్పేస్తాడు. అది తొడుక్కున్నవాడి గుణాలను పెంచుతుంది, ముఖ్యంగా దూకుడును. బయటి నుంచి కొత్త చెడును తెచ్చి ఎక్కించదు, లోపల ఉన్నదాన్నే ఎత్తి చూపుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే సన్నివేశాలు సగం వాటంతటవే విడిపడతాయి.

ఫ్లాష్‌బ్యాక్ అనే లైసెన్సు

ఈ సినిమా మీద అభిమానుల పెద్ద ఫిర్యాదు బెన్ అంకుల్ హత్య. మొదటి భాగంలో ఆయన్ను చంపింది ఒక దొంగ. కుస్తీ పోటీల దగ్గర డబ్బు దోచుకుని పారిపోతుంటే పీటర్ ఆపగలిగీ వదిలేసినవాడే ఆ దొంగ. ఆ తప్పే పీటర్‌ను హీరోను చేసింది. మూడో భాగం వచ్చి, తుపాకీ పేల్చింది ఆ దొంగ కాదు, అతని తోడు వచ్చిన మార్కో అంటుంది. 'మూలకథనే చెడగొట్టారు' అన్న మాట అక్కడే పుట్టింది.

దీన్ని తూచడానికి సీమ ప్రేక్షకుడి చేతిలో ఒక కొలబద్ద ముందే ఉంది. 1999లో 'సమరసింహారెడ్డి' తర్వాత తెలుగు తెర చాలా ఏళ్ళు ఫ్యాక్షన్ చుట్టూ తిరిగింది. కర్నూలు, కడప, అనంతపురం పేర్ల మీదే సుమోలు లేచాయి, బాంబులు పడ్డాయి. ఆ సినిమాల ఇంజను దాదాపు ఒకటే. మొదటి సగంలో హీరో ఎక్కడో అనామకంగా ఉంటాడు. ఇంటర్వెల్‌కు బయటపడతాడు. ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, అందులో అయినవాళ్ళు పోతారు. ఆ తర్వాత హీరో ఎన్ని తలలు నరికినా హాలు ఈలలే వేస్తుంది. అక్కడ ఫ్లాష్‌బ్యాక్ పని హీరో చేతికి లైసెన్సు ఇవ్వడం. అది అబద్ధమేమో, సగం నిజమేమో అన్న అనుమానం ప్రేక్షకుడికి రానివ్వకూడదు. వస్తే ఇంజను ఆగిపోతుంది.

'స్పైడర్‌మ్యాన్ 3' సరిగ్గా ఆ అనుమానం మీదే నడుస్తుంది. బెన్ హత్య ఇందులో ఒకే రకంగా కనిపించదు. మొదట పోలీసులు చెప్పిన కథ ఉంది. తర్వాత పీటర్ మనసులో కదిలే బొమ్మ ఉంది, అందులో మార్కో కరుడుగట్టిన హంతకుడు. చివర్లో మార్కో తానే చెప్పుకున్నది ఉంది. కారు కోసం తుపాకీ చూపించాడు. పెద్దాయన బెదరకుండా, తుపాకీ దింపి ఇంటికి పొమ్మని నచ్చజెప్పాడు. అంతలో డబ్బుతో పరుగెత్తుకొచ్చిన తోటి దొంగ చేయి తగిలింది, గుండు పేలింది.

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. ఆ తోటి దొంగ ఎవరు? పీటర్ వదిలేసిన ఆ దొంగే. పీటర్ అతన్ని ఆ రోజు ఆపి ఉంటే అతను పరుగెత్తుకొచ్చేవాడు కాదు, చేయి తగిలేది కాదు. అంటే మూడో భాగం పీటర్ తప్పును తుడిచేయలేదు. తుపాకీ పట్టిన చేయి మారింది గానీ తప్పు ఉన్నచోటే ఉంది. మూలకథ చెడిందన్న వాదన ఈ మెలికను చూడకుండానే తీర్పు చెప్పేస్తుంది. లైసెన్సు అనుకుని పీటర్ చేతపట్టుకున్న కాగితం మీద చివరికి అతని పేరు కూడా ఉందని తేలుతుంది. మన ఫ్యాక్షన్ కథల్లో ఇలాంటి ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటి పడి ఉంటే ఆ కథలు ఎలా మారేవో ఊహించవచ్చు.

నడుమ బెన్ భార్య మే ఆంటీ సన్నివేశం ఒకటుంది. మార్కో చచ్చాడని, స్పైడర్‌మ్యానే చంపాడని పీటర్ శుభవార్త చెప్పినట్టు చెబుతాడు. ఆమె సంతోషించదు. ఎవరు బతకాలో ఎవరు చావాలో తేల్చడం మన పని కాదని, పగ మనిషిని లోపల్నుంచి తినే విషమని అంటుంది. చంపినవాడు తన ఎదుట కూర్చున్న బిడ్డేనని ఆమెకు తెలియదు. నిమిషం పట్టే ఆ మాటలకు సినిమా మొత్తం కట్టుబడి ఉంటుంది.

ఇసుకకు ప్రాణం ఎలా వచ్చింది

విమర్శకులు కూడా వేలు పెట్టలేని ఘట్టం ఒకటుంది, మార్కో ఇసుకగా మారి లేవడం. జైలు నుంచి పారిపోయిన మార్కో పోలీసుల నుంచి తప్పించుకునేందుకు కంచె దూకి, భౌతికశాస్త్ర ప్రయోగం జరిగే గుంతలో పడతాడు. కాసేపటికి ఆ గుంతలో మిగిలేది ఇసుక కుప్ప, అందులో కూతురి ఫొటో ఉన్న లాకెట్టు. ఆ తర్వాత మాటలుండవు. కుప్పలో కదలిక పుడుతుంది, తల లేస్తుంది, భుజం లేస్తుంది, జారిపోతుంది. లాకెట్టు కోసం చేయి చాస్తే చేయే రాలిపోతుంది. మళ్ళీ కూడదీసుకుని లేస్తాడు. బిడ్డ బొమ్మను పట్టుకోవాలన్న పట్టుదల వల్లే ఆ కుప్పకు మనిషి ఆకారం వస్తుంది. మొదటి రెండు భాగాలకు సంగీతమిచ్చిన డానీ ఎల్ఫ్‌మన్ స్థానంలో వచ్చిన క్రిస్టఫర్ యంగ్ సంగీతం అక్కడ రాకాసి పుట్టుక లాగా కాక శోకంలా మోగుతుంది.

పెన్నలోనో తుంగభద్రలోనో ఇసుక ఎత్తే చోట నిలబడి చూసినవాళ్ళకు ఈ సన్నివేశంలో పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. పొడి ఇసుకను ఎంత పోసినా కుప్ప వాలు 30 నుంచి 35 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అంతకు మించి పోస్తే పై పొర జారి కిందికి వస్తుంది, లోపలి ఇసుక కదలదు. అంటే ఒకే కుప్పలో ఒక భాగం రాయిలా ఉంటుంది, ఒక భాగం నీళ్ళలా పారుతుంది, అంచున కొన్ని రేణువులు విడివిడిగా ఎగురుతాయి. కంప్యూటర్‌లో ఇసుక చేయడం కష్టమయ్యేది ఇందుకే. నీటికి ఒక లెక్క, రాయికి ఒక లెక్క సరిపోతాయి. ఇసుకకు మూడు లెక్కలూ కావాలి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోట అతుకు కనిపించకూడదు.

సినిమావాళ్ళు దీన్ని ఊహ మీద చేయలేదు. 12 రకాల ఇసుకను తెచ్చి చల్లి చూశారు, అంచుల మీంచి జారవిడిచారు, స్టంట్‌మెన్ మీదికి విసిరారు. చివరికి అరిజోనా ఇసుకను నమూనాగా తీసుకుని కంప్యూటర్ ఇసుక తయారుచేశారు. మనుషులు ఇసుకలో కూరుకుపోయే షాట్లలో అసలు ఇసుక వాడితే ఊపిరాడక ప్రమాదం. అందుకని గింజ ఒలిచిన మొక్కజొన్న బెండ్లను పొడి కొట్టి వాడారు. కర్నూలు కల్లాల్లో కుప్పలుగా పడి ఉండే సరుకే అది, తేలిక, మీద పడినా దెబ్బ తగలదు. స్పైడర్‌మ్యాన్ గుద్దు ఇసుక మనిషి ఛాతీలోంచి దూసుకుపోయే షాట్‌లో పీటర్ వేషం వేసిన టోబీ మెగ్వైర్ బదులు బ్యాక్స్‌టర్ హంబీ నటించాడు. అతను మోచేతి కింద ఒక చేయి లేని కిక్‌బాక్సింగ్ యోధుడు. చేయి ఎదుటివాడి ఒంట్లోకి దిగినట్టు చూపించడానికి లేని చేయే అక్కరకొచ్చింది.

నీటి తర్కం కూడా సరిగ్గానే ఉంది. పిల్లలు ఏటి ఒడ్డున పాదం మీద తడి ఇసుక తట్టి, మెల్లగా కాలు లాగి పిచ్చుక గూడు కడతారు. కొద్దిపాటి తడి రేణువుల మధ్య జిగురులా పట్టి ఉంచుతుంది కాబట్టే గూడు నిలుస్తుంది. అదే గూటి మీద చెంబెడు నీళ్ళు పోస్తే కరిగి పోతుంది, ఎందుకంటే రేణువుల మధ్య ఖాళీలన్నీ నిండిపోయి పట్టు వదిలేస్తుంది. భూగర్భ రైలు సొరంగంలో నల్ల సూటు పీటర్ నీటి పైపు పగలగొట్టేది ఈ రెండో పద్ధతిలోనే. మార్కో బురదై కొట్టుకుపోతాడు. ఆరితే మళ్ళీ లేస్తాడన్నది కూడా అక్కడే దాగి ఉంది, కాబట్టి తర్వాత అతను తిరిగి రావడం మోసం అనిపించదు. 1963లో కామిక్స్‌లో పుట్టిన ఈ పాత్రకు ఇంత బరువు ఇచ్చింది మాత్రం ఈ సినిమానే.

ఆ నడక, ఆ డ్యాన్సు

జుట్టు నుదుటి మీదికి దువ్వుకుని, వీధిలో వేళ్ళు చూపిస్తూ నడిచే పీటర్. మీమ్స్‌కు పనికొచ్చినంతగా ఈ సినిమాలో ఇంకేదీ పనికిరాలేదు. కానర్స్ చెప్పిన సూత్రాన్ని ఇక్కడ పెట్టి చూడాలి. సూటు లోపలున్నదాన్ని పెంచుతుంది. పీటర్ లోపల ఉన్నది కళ్ళద్దాల పుస్తకాల పురుగు. అలాంటివాడికి 'స్టైల్' అంటే ఏమని తోస్తుందో తెర మీద అదే కనిపిస్తుంది. వీధిలో అమ్మాయిలు మొహం చిట్లించి తప్పుకుంటుంటారు. తాను అదరగొడుతున్నానని అతను మాత్రం అనుకుంటుంటాడు. నవ్వు రావాల్సిందే, దర్శకుడు అడిగిందీ అదే.

ఇక్కడ తెలుగు హాలుకు ఒక చిక్కుంది. స్లో మోషన్, నేపథ్య సంగీతం, కెమెరా హీరో ముందు వెనక్కి నడవడం, ఇవన్నీ మనకు బిల్డప్ గుర్తులు. బిల్డప్ పడితే ఈల వేయాలి, హీరోను చూసి నవ్వకూడదు. ఆ గుర్తులతోనే హీరోను వెక్కిరిస్తే కొందరికి అది బిల్డప్ బెడిసికొట్టినట్టు కనిపించింది. అమెరికాలోనూ ఇదే జరిగింది గానీ అక్కడి కారణం వేరు: నల్ల సూటు అనగానే భయంకరమైన పీటర్‌ను ఆశించారు, దొరికింది వెకిలి పీటర్.

ఈ ఘట్టంలో తప్పే లేదని కాదు. తప్పు నవ్వులో లేదు, నవ్వు నుంచి దిగే మెట్టులో ఉంది. జాజ్ క్లబ్బులో గ్వెన్ అనే అమ్మాయిని వెంటేసుకుని, తాను ప్రేమించిన మేరీ జేన్ కళ్ళ ముందే చిందులేసి, ఆ ఊపులోనే గొడవపడి, అడ్డొచ్చిన మేరీ జేన్‌ను చేత్తో నేలకు కొడతాడు. వెక్కిరింత నుంచి ఆ దెబ్బకు నిమిషాల దూరం కూడా లేదు. హాలు ఇంకా నవ్వుతుండగానే దెబ్బ పడుతుంది, కాబట్టి దాని బరువు తెలియదు. ఆ రెంటి మధ్య ఒక్క మౌనం పడి ఉంటే ఈ సన్నివేశం పేరు ఇంకోలా ఉండేది.

వెనమ్ ఎందుకు అతకలేదు

ఇక అసలు లోటు. రైమీకి ఇష్టం 1960ల నాటి పాత విలన్లు. వెనమ్ 1988లో పూర్తి రూపంలో వచ్చిన పాత్ర, అప్పటి కుర్ర పాఠకుల ఆరాధ్యం. వెనమ్‌ను పెట్టమని నిర్మాత అవీ ఆరాడ్ ఒప్పించారు. ఫలితంగా ఇసుక మనిషికి దక్కిన ప్రేమ వెనమ్‌కు దక్కలేదు. అతను పుట్టేసరికే సినిమా చివరి అంకానికి చేరింది. పుట్టడం, మార్కోతో చేతులు కలపడం, మేరీ జేన్‌ను ఎత్తుకుపోవడం చకచకా అయిపోతాయి. మార్కోను దారి కాసి ఒక మాటలో ఒప్పించే సన్నివేశం మరీ పలచన. కూతురి కోసం బతికే మనిషి అంత తేలిగ్గా చంపడానికి తయారవుతాడా అన్న ప్రశ్నకు సినిమా దగ్గర జవాబు లేదు.

హ్యారీ ఇంటి బట్లర్ సంగతీ అంతే. తండ్రి తన ఆయుధానికే బలయ్యాడని ఆ పెద్దమనిషికి ఎప్పుడో తెలుసు. ఇన్నేళ్ళు నోరు మెదపకుండా, సరిగ్గా క్లైమాక్స్ ముందు చెబుతాడు. కథకు అవసరమైంది కాబట్టి చెప్పాడు, అంతకు మించి కారణం కనపడదు. అయితే దాని వల్ల వచ్చిన ఫలితం మాత్రం బలమైనది: పీటర్ కోసం దూసుకొచ్చిన, ఎగిరే పలక లాంటి గ్లైడర్‌కు హ్యారీ అడ్డుపడి, తండ్రి పోయినట్టే పోతాడు.

మన జిల్లా కేంద్రాల హాళ్ళలో క్లైమాక్స్ మరింత దెబ్బతినడానికి ఇంకో కారణం ఉంది, అది వెలుతురు. అప్పటి రీలు ప్రొజెక్టర్లతో తెర మీద 16 ఫుట్ ల్యాంబర్ట్‌ల (తెర వెలుగుకు కొలమానం) వెలుగు పడాలన్నది ప్రమాణం. జెనాన్ ల్యాంపు పాతబడే కొద్దీ వెలుగు తగ్గుతుంది. ఖరీదైన ల్యాంపును గడువు దాటినా వాడుకున్న హాలులో పగటి సన్నివేశాలు గట్టెక్కుతాయి గానీ రాత్రి సన్నివేశాలు మునిగిపోతాయి. ఈ క్లైమాక్స్ రాత్రి పూట, కట్టుబడిలో ఉన్న భవనంలో, నల్లటి వెనమ్‌తో. నలుపు మీద నలుపు. ఇసుక మనిషి ఒక్కడే లేత రంగు కాబట్టి కంటికి ఆనేవాడు. ఇప్పుడు మంచి టీవీలో చూసినవాళ్ళు ఆ పోరు అంత చెడ్డగా లేదే అనడానికి సగం కారణం ఇదే.

ఇంటర్వెల్ మాత్రం కలిసొచ్చింది. హాలీవుడ్ సినిమాలో ఇంటర్వెల్ ఉండదు, రీళ్ళ కాలంలో ఆపరేటర్ రీలు మారే చోట ఆపేవాడు. నిమిషానికి 90 అడుగుల లెక్కన 139 నిమిషాలంటే 12,500 అడుగులు, అంటే 2,000 అడుగుల రీళ్ళు ఏడు. మూడోది అయ్యాక ఆపితే 67వ నిమిషం. సొరంగంలో మార్కోను కరిగించిన నల్ల పీటర్ ఆ దరిదాపుల్లోనే ఉంటాడు. హీరో పగ తీర్చుకున్నాడు, లైట్లు వెలిగాయి. మనకు అలవాటైన లెక్కలో అది సినిమా చివర రావాల్సిన ఘట్టం. ఇక్కడ అది సగానికే వచ్చి, మిగతా సగం దాని ఖర్చు వసూలు చేస్తుంది.

తర్వాత ఏమైంది

నాలుగో భాగం పనులు సాగి, 2010 జనవరిలో ఆగిపోయాయి. 2012లో కొత్త నటుడితో కథ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. సీక్వెల్‌లో విలన్ల సంఖ్య ఎక్కువైతే ప్రమాదం అన్న పాఠం ఈ సినిమా పేరు మీదే స్థిరపడింది, తప్పు సంఖ్యలో కాదు, నిడివి పంపకంలో ఉన్నా సరే. వెనమ్‌కు 2018లో సొంత సినిమా వచ్చి బాగా ఆడింది. 2021లో 'నో వే హోమ్' ఇసుక మనిషిని తిరిగి తెచ్చింది, అక్కడ కూడా అతను అడిగింది ఇంటికి, కూతురి దగ్గరికి వెళ్ళాలనే.

2007లో మార్కో కథ ముగిసేది గుద్దులతో కాదు. జరిగింది చెప్పుకుంటాడు. తానూ చెడ్డ పనులు చేశానని పీటర్ ఒప్పుకుని, క్షమించానంటాడు. మార్కో మళ్ళీ రేణువులై గాలిలో కలిసిపోతాడు. కట్టెయ్యడాలు, పోలీసులకు అప్పగించడాలు లేవు. ఆ తర్వాత హ్యారీ పోతాడు, అంత్యక్రియలు జరుగుతాయి, పీటర్ జాజ్ క్లబ్బుకు వెళతాడు. తాను గంతులేసి పరువు తీసిన క్లబ్బే. మేరీ జేన్ పాడుతూ ఆపేస్తుంది. అతను చేయి చాస్తాడు, ఆమె అందుకుంటుంది. ముద్దు లేదు, భవనాల మధ్య ఊగే ఆఖరి షాట్ లేదు. ఇద్దరూ మాటల్లేకుండా మెల్లగా కదులుతుండగా తెర నల్లబడుతుంది. అప్పటికే హాలులో సగం మంది లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు.